ఇరవై రోజులకొక సంచి నెత్తురు

పొద్దున లేవగానే కూతురి కింది కనురెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగి చూడటం అజీజున్నీసాకు ఏళ్ళ తరబడి అలవాటు. రెప్ప లోపల ఎర్రగా ఉంటే ఆ రోజుకు భయం లేదు. రంగు పలచబడితే ఆస్పత్రికి ఫోన్ చేసి పెట్టుకోవాలి. తెల్లగా సున్నంలా ఉందంటే ఇక ఆగడానికి లేదు.

ఆమె ఏలూరు తంగెళ్ళమూడిలో తివాచీలు నేసే ఇంట్లో పుట్టింది. పదేళ్ళకే మగ్గం ముందు కూర్చుంది. హుస్సేన్‌ను చేసుకుని వన్ టౌన్‌కు వచ్చాక మగ్గం పోయి కుట్టుమిషను వచ్చింది. హుస్సేన్ ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేస్తాడు. పెళ్ళయిన నాలుగేళ్ళకు ఇరమ్ పుట్టింది. ఆరో నెలలో పిల్ల పాలు తాగలేక ఆయాసపడుతుంటే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. పరీక్షలు చేయించి, తలసీమియా అన్నాడు డాక్టరు.

"ఈ పాప ఒంట్లో నెత్తురు నిలవదమ్మా. ఇరవై రోజులకోసారి ఎవరో ఒకరు ఇస్తూ ఉండాలి," అన్నాడు.

"ఎన్నాళ్ళండి?" అని అడిగింది అజీజున్నీసా.

ఆయన చీటీ రాస్తూ ఉండిపోయాడు. అప్పుడే ఆమెకు అర్థమైంది.

పైగా పిల్లది ఓ నెగటివ్ గ్రూపు. నూరుమందిని అడిగితే ఒకరో ఇద్దరో దొరికే నెత్తురు. అయినా ఎనిమిదేళ్ళు ఏదోలా గడిచాయి. తాడేపల్లిగూడెం కాలేజీ పిల్లలు క్యాంపులు పెట్టేవారు. ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో పనిచేసే సలోమి, ఇరమ్ కోసం ఒక సంచి తీసి పక్కన పెట్టేది. నెత్తురు ఎక్కుతున్నంతసేపూ ఇరమ్ ఒకటే ప్రశ్న.

"అమ్మీ, ఇవాళ నాకెవరిది?"

"ఎవరో పోలీసాయనది."

"అయితే ఇవాళ నేను పోలీసుని," అని మంచం మీద నుంచే అందరినీ అదిలించేది.

2020 మార్చి ఆఖరున అన్నీ మూసేశారు. కాలేజీ పిల్లలు ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. క్యాంపులు ఆగిపోయాయి. ఏప్రిల్ మొదటి వారంలో అజీజున్నీసా వాళ్ళింటికి నాలుగిళ్ళ అవతల ఒక పెద్దాయనకు పాజిటివ్ వచ్చింది. తెల్లవారేసరికి వీధికి రెండు వైపులా వెదురుబొంగులు అడ్డం కట్టేశారు. పాలప్యాకెట్లు బొంగుల మీదుగా అందించి వెళ్ళేవారు. బొంగుల అవతల నడిచే మనుషులు ఈ వీధి రాగానే ఆ వారకు జరిగి నడిచేవారు. ఆ రోజుల్లో ఫోన్‌లో ఎవరితో మాట్లాడినా, తన పేరూ వీధి పేరూ చెప్పే ముందు అజీజున్నీసా గొంతు ఒక్క క్షణం ఆగేది.

ఇరమ్‌కు మార్చి నెలాఖరున ఎక్కించిన సంచే బ్యాంకులో ఉన్న ఆఖరి ఓ నెగటివ్. నెత్తురు ఎక్కించేకొద్దీ ఒంట్లో పేరుకునే ఇనుము తగ్గడానికి వేసే మాత్రలు ఏప్రిల్ పదికి అయిపోయాయి. మందుల షాపులో సరుకు రాలేదన్నారు. పదిహేనో తేదీకి రెప్ప రంగు పలచబడింది. పంతొమ్మిదిన పిల్ల బాత్‌రూమ్ దాకా నడిచి, గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

"అమ్మీ, గుండె చెవిలో కొట్టుకుంటోంది," అంది.

హుస్సేన్ బొంగుల దగ్గరున్న కానిస్టేబుల్‌కు ఆస్పత్రి పుస్తకం చూపించి బతిమాలాడు. ఆయన పుస్తకాన్ని ముట్టుకోకుండా దూరం నుంచే చదివి, బొంగు ఎత్తి పట్టుకున్నాడు. ముగ్గురూ మోపెడ్ మీద ఖాళీ రోడ్ల వెంట వెళ్ళారు. పిల్లను మధ్యలో కూర్చోబెట్టుకుని, ఆ ఎండలో కూడా దుప్పటి కప్పింది అజీజున్నీసా. ఎప్పుడూ వెళ్ళే పిల్లల వార్డు గుమ్మానికి తాళం ఉంది. దాన్ని కరోనా వార్డు చేశారు. తలసీమియా పిల్లలకు వెనక వైపు పాత స్టోరు గది ఇచ్చారు. మధ్యలో ఒక్క గోడే అడ్డం. అవతల ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు. ఆ దగ్గు వినబడినప్పుడల్లా ఆమె తన చున్నీని కూడా పిల్ల ముక్కుకు అడ్డం పెట్టేది. నెత్తురు లేకపోతే పిల్ల బతకదు. నెత్తురు కోసం వస్తే ఈ గోడ.

హిమోగ్లోబిన్ ఐదు చూపించింది. సలోమి ఫ్రిజ్ తెరిచి చూపించి, మళ్ళీ మూసింది.

"ఒక్కటి కూడా లేదండి. పొద్దుటి నుంచి పదకొండు మందికి ఫోన్ చేశాను. ఆస్పత్రి అనగానే పెట్టేస్తున్నారు."

పాత రిజిస్టర్లు తిరగేస్తే రెండేళ్ళ కిందటి పేజీలో ఒక పేరు దొరికింది. ఏడుకొండలు, మండవల్లి దగ్గర చేపల చెరువు మీద కాపలా. భార్య కాన్పుకని ఆస్పత్రికి వచ్చినప్పుడు నెత్తురిచ్చాడు. సలోమి స్పీకర్ పెట్టి ఫోన్ చేసింది. విషయమంతా విన్నాక అతను మెల్లగా అడిగాడు.

"నెత్తురిస్తే ఒంట్లో సత్తువ తగ్గి ఆ జబ్బు అంటుకుంటుందంటున్నారు. నిజమేనాండి?"

"ఇవ్వడం వల్ల రాదండి. కానీ ఆస్పత్రికి వచ్చిపోవడంలో భయం ఉంది. అది లేదని నేను చెప్పలేను," అంది సలోమి.

అజీజున్నీసా ఫోన్ దగ్గరికి వంగింది.

"ఏవండీ, నేను ఆ పాప అమ్మనండి."

"మీ పేరేంటండి?"

గొంతు ఆగింది. తరవాత చెప్పింది. వీధి పేరు కూడా చెప్పింది. దాచి పిలిస్తే తరవాత ఆయన మొహం ఎలా చూడాలి అనిపించింది ఆమెకు.

"పాపకి ఎన్నేళ్ళండి?" అన్నాడతను.

"తొమ్మిదండి."

"రేపు పొద్దున చెరువుకి తవుడు దింపి ఏలూరు తిరిగొచ్చే వ్యాన్ ఉందండి. దాంట్లో వస్తాను."

మర్నాడు పది గంటలకు రావలసిన మనిషి పదకొండైనా రాలేదు. అప్పట్లో మండవల్లి కృష్ణా జిల్లా, ఏలూరు పశ్చిమ గోదావరి. జిల్లా సరిహద్దులో పోలీసులు వ్యాన్‌ను వదిలి అతన్ని దింపేశారు. డ్రైవర్‌కే గాని అతనికి పాస్ లేదు. సలోమి డాక్టరు సంతకంతో చీటీ రాయించి, ఫోటో తీసి అతని ఫోన్‌కు పంపింది. ఎస్సైతో మాట్లాడించింది. అది తేలేసరికి ఒంటిగంట. స్టోరు గదిలో ఇరమ్ కళ్ళు మూసుకుని నోటితో గాలి పీలుస్తోంది. డాక్టరు వచ్చి గుండె విని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఏమైనా అని ఉంటే బాగుండుననుకుంది అజీజున్నీసా. హుస్సేన్ గేటు దగ్గరికీ గదికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు.

రెండు దాటాక ఒక సన్నటి మనిషి మూతికి తువ్వాలు కట్టుకుని గేటులోకి వచ్చాడు. సలోమి అతన్ని కాసేపు నీడలో కూర్చోబెట్టి, బిస్కెట్లూ మజ్జిగా ఇచ్చి, ఆ తరవాతే పడుకోబెట్టింది. అయిపోయాక బయట బెంచీ మీద కూర్చున్నాడు. అజీజున్నీసా రెండు బారల దూరంలో నిలబడింది. తను కుట్టిన కొత్త మాస్కులు నాలుగు బెంచీ చివర పెట్టి వెనక్కి జరిగింది.

"మా ఆవిడకి చెప్పి రాలేదండి. చెబితే రానిచ్చేది కాదు," అన్నాడు ఏడుకొండలు, మాస్కులు తీసుకుంటూ.

పరీక్షలన్నీ అయి సంచి వచ్చేసరికి సాయంత్రమైంది. నెత్తురు సగం ఎక్కాక ఇరమ్ కళ్ళు తెరిచింది.

"ఎవరిది అమ్మీ?"

"చేపల చెరువు దగ్గరుండే ఆయనది."

"అయితే నాకు ఈత వస్తుందా?"

హుస్సేన్ ఒక్కసారిగా అటు తిరిగి గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు.

ఏడుకొండలు ఏలూరు ఆస్పత్రికి వెళ్ళొచ్చాడని ఊళ్ళో తెలిసింది. పధ్నాలుగు రోజులు ఊళ్ళోకి రావద్దన్నారు. చెరువుగట్టు మీది కాపలా గుడిసెలోనే ఉండిపోయాడు. భార్య అన్నం తెచ్చి గట్టు మొదట్లో పెట్టి వెళ్ళేది. అజీజున్నీసా రెండు రోజులకోసారి ఫోన్ చేసేది. ఎనిమిదో రోజున ఫోన్ అతను ఎత్తలేదు.

"జ్వరమండి. మూడు రోజుల్నుంచి," అంది అతని భార్య. "పడుకున్నారు. మీరేనా ఆ పాప తాలూకు?"

"నేనేనండి."

"మంచిదండి," అని పెట్టేసింది ఆమె.

ఆ 'మంచిదండి'లో కోపముందో, ఏడుపుందో అజీజున్నీసాకు తెలియలేదు. తిట్టి ఉంటే తట్టుకునేది. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. ఆయనకు మాస్కులిచ్చిన చేతుల్ని చూసుకునేది. బెంచీ గుర్తొచ్చేది, గోడ అవతలి దగ్గు గుర్తొచ్చేది. తమ వీధిలో అందరికీ పరీక్షలు చేశారు. వీళ్ళ ముగ్గురికీ లేదని వచ్చింది. అయినా ఆమె మనసు ఊరుకోలేదు.

"మన దగ్గర నుంచి కాదుగా," అన్నాడు హుస్సేన్.

"మనకోసం వచ్చాడుగా," అంది.

"ఇక ఫోన్ చెయ్యకు. ఏదైనా జరిగితే ఆవిడకి మనం ఏం చెప్పగలం?"

"ఏం చెప్పలేం. అందుకని చెయ్యడం మానేస్తామా?"

ఆమె రోజూ చేసింది. ఒకరోజు ఎత్తేవారు, ఒకరోజు ఎత్తేవారు కాదు. నాలుగు రోజులకు ఏడుకొండలు పరీక్ష ఫలితం వచ్చింది. పాజిటివ్. అంబులెన్స్ గట్టు దాకా వచ్చి అతన్ని ఎక్కించుకుని విజయవాడ తీసుకెళ్ళింది. ఆక్సిజన్ పెట్టారని అతని భార్య ఫోన్‌లో చెప్పి పెట్టేసింది.

సరిగ్గా ఆ వారంలోనే ఇరమ్ రెప్ప మళ్ళీ పలచబడింది.

అజీజున్నీసా జీవితంలో అంతకన్నా కష్టమైన వారం లేదు. అంతకుముందు ఆమెకున్న భయం ఒకటే, పిల్ల గురించి. ఇప్పుడు ఫోన్ అవతలి మనిషిని గురించి కూడా భయం. పిలిస్తే ఎవరింటికి ఏం పంపిస్తున్నట్టో తెలియదు. పిలవకపోతే ఏమవుతుందో బాగా తెలుసు. సలోమి దగ్గరికి వెళ్ళి, ఈసారి ఫోన్లు తనే చేస్తానంది. అవతలివాళ్ళు నంబరు ఇవ్వడానికి ఒప్పుకుంటేనే అని సలోమి నలుగురిని అడిగి, నాలుగు నంబర్లు ఇచ్చింది.

మొదటి ఫోన్‌లోనే అజీజున్నీసా అంది. "ఒక మాట ముందే చెప్పాలండి. కిందటిసారి మా పాపకిచ్చినాయన ఇప్పుడు ఆక్సిజన్ మీద ఉన్నారు. ఇక్కడే అంటుకుందో, దారిలోనో ఎవరికీ తెలియదు. ఇది విన్నాక రాగలిగితేనే రండి."

అవతలి మనిషి క్షమించమన్నాడు. హుస్సేన్ మొహం పాలిపోయింది.

"అలా చెబితే ఎవరొస్తారే? పిల్ల చచ్చిపోతుంది."

"చెప్పకుండా పిలవలేనండి. నా వల్ల కాదు."

రెండో మనిషి కూడా రానన్నాడు. మూడో ఇంట్లో అతని తల్లి ఫోన్ లాక్కుని, "మాకూ పిల్లలున్నారమ్మా," అంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాలుగో నంబరు పెంటపాడులో ఉండే స్కూల్ టీచరు లక్ష్మీప్రసన్నది. ఆవిడ అంతా విని, "నాకు ఒక గంట టైమ్ ఇవ్వండి," అంది.

ఆ గంట అజీజున్నీసా మిషను ముందు కూర్చుని, దారం ఎక్కించకుండా చక్రం తిప్పుతూ ఉంది. గంటన్నర అయింది. ఇక రాదనుకున్నాక ఫోన్ మోగింది.

"మావారు వద్దన్నారండి. నాకూ భయంగానే ఉంది," అంది లక్ష్మీప్రసన్న. "కానీ మీరు చెప్పకుండా ఉంటే నాకు తెలిసేది కాదు కదా. రేపు పొద్దున్నే స్కూటర్ మీద వస్తాను. నన్ను ఆ వార్డు వైపు నుంచి కాకుండా వేరే దారిలో తీసుకెళ్ళమనండి."

సలోమి బ్లడ్ బ్యాంకు వెనక తలుపు తెరిపించింది. ఆవిడ ఇచ్చి వెళ్ళిన పదిహేను రోజులూ అజీజున్నీసా రోజూ మెసేజ్ పెట్టింది. రోజూ ఒకటే జవాబు వచ్చేది, "బాగున్నానండి" అని. పదహారో రోజున ఆమె కడుపునిండా అన్నం తింది.

ఏడుకొండలు ఇరవై రెండు రోజులకు ఇంటికొచ్చాడు. ఆ కబురు చెప్పింది కూడా అతని భార్యే.

"వచ్చారండి. ఇంకెప్పుడూ ఆయన్ని అడగద్దండి," అంది.

"అడగనండి," అంది అజీజున్నీసా. అతని నంబరు తీసేయమని సలోమికి అప్పుడే చెప్పింది.

ఇరమ్‌కు ఇప్పుడు పదిహేనేళ్ళు. ఇంటర్‌లో చేరింది. ఇరవై రోజుల లెక్క మాత్రం మారలేదు. రెండో వేవ్ వచ్చినప్పుడు మళ్ళీ అంతా మొదటికొచ్చింది. అప్పుడు కూడా అజీజున్నీసా ప్రతి ఫోన్‌లోనూ ఆ మాట చెప్పే అడిగింది. రానన్నవాళ్ళే ఎక్కువ. వచ్చినవాళ్ళు సరిపోయారు, ప్రతిసారీ ఒక రోజో రెండు రోజులో ఆలస్యంగా. ఆ రోజుల్లో పిల్ల గుండె కొంచెం పెద్దదైందని డాక్టరు చెప్పాడు. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త జబ్బని టీవీలో వినబడితే ఆమె లేచి వెళ్ళి మందుల డబ్బా తెరిచి మాత్రలు ఎన్ని ఉన్నాయో చూసుకుంటుంది.

కిందటేడు చలికాలంలో మొగుడూ పెళ్ళాలిద్దరూ మోపెడ్ మీద మండవల్లి వెళ్ళారు. ముందుగా ఫోన్ చేసి, రావచ్చా అని అతని భార్యను అడిగారు. రమ్మంది ఆమె. చెరువుగట్టు మీద ఏడుకొండలు ఎదురొచ్చాడు. పాప ఏం చదువుతోందని అడిగాడు. అన్నం తిని వెళ్ళమన్నాడు. అతని భార్య ఎక్కువ మాట్లాడలేదు గాని, చేపల పులుసు రెండోసారి తనే వడ్డించింది.

తిరిగి వచ్చేటప్పుడు సాగనంపడానికి అతను గట్టు చివరిదాకా నడిచాడు. అది పెద్ద దూరమేమీ కాదు. అయినా మూడుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా నీళ్ళ మీది కొంగల్ని చూపిస్తూ ఏదో ఒకటి చెప్పాడు, ఊపిరి అందేదాకా.

"మనిషి బాగానే ఉన్నాడు," అన్నాడు హుస్సేన్, వంతెన దాటాక.

అజీజున్నీసా అతని భుజం పట్టుకుని కూర్చుంది. వెనక్కి తిరిగి గట్టు వైపు చూసింది.