లంకలో డయోజెనిస్

నేను డిప్యూటీ తహసీల్దారుగా రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఆగస్టు నెలలో, నరసాపురానికి ఎగువన, గోదావరి మధ్యనున్న ఒక లంకకి నన్ను వరద స్పెషల్ ఆఫీసరుగా వేశారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్ని బట్టి మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. రెండోది రాగానే జనాన్ని ఏటిగట్టు దాటించడం మొదలుపెట్టాలి. మూడోది వచ్చేసరికి లంకలో ఎవరూ మిగలకూడదు. ఎంతమంది మిగిలారో గంటగంటకీ కంట్రోల్ రూముకి చెప్పాలి.

పొద్దున్నే రెండో హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికి పన్నెండు మంది మిగిలారు. పదకొండు మంది పశువుల్ని వదిలి రామన్నారు. మాస్టారు కదిలితే అప్పుడు చూద్దామన్నారు. పన్నెండో మనిషి ఆ మాస్టారే.

ఆయన కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక ఇల్లు చెల్లెలికి రాసిచ్చేసి, ఎప్పుడో వంతెన పనికి తెచ్చి వదిలేసిన పెద్ద సిమెంటు తూములో ఉంటున్నారు. ఊళ్లో తగువులన్నీ ఆయన దగ్గరే తెగుతాయి.

మూడు గంటలు దాటితే నీటి వడికి పడవ నిలవదని పడవాయన అప్పటికే రెండుసార్లు చెప్పాడు. నేను తూము దగ్గరికి వెళ్లేసరికి రెండయింది. మోకాలి లోతు నీళ్లు. చేతిలో ఫోను మోగుతూనే ఉంది.

మాస్టారు నింపాదిగా డయోజెనిస్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. గ్రీకు దేశంలో పెద్ద మట్టి గోలెంలో కాపురమున్న మనిషట. ఓ పిల్లాడు దోసిలితో నీళ్లు తాగడం చూసి, తన గిన్నె కూడా దండగని పారేశాడట. అలెగ్జాండరు వచ్చి ఏం కావాలని అడిగితే, ఎండకి అడ్డు లేవమన్నాడట.

"మీరూ కాస్త జరగండమ్మా. నాకు పడవ అక్కర్లేదు," అన్నారు.

ఆయన్ని మాటల్లో ఉంచాలని, ఆ మనిషి చివరికి ఏమయ్యాడని అడిగాను. సముద్రపు దొంగలు పట్టుకుని సంతలో బానిసగా అమ్మకానికి పెట్టారన్నారు. ఏం పని వచ్చని అడిగితే మనుషుల్ని ఏలడం వచ్చన్నాడట. కొనడానికొచ్చిన ఒకాయన్ని చూపించి, "అతనికి అమ్మండి, అతనికో యజమాని కావాలి," అన్నాడట. ఆ ఇంట్లోనే ఉండి పిల్లలకి చదువు చెప్పాడట.

"అయితే గోలెం వదిలేశాక కూడా ఆయన ఆయనలాగే ఉన్నాడు కదండీ," అన్నాను. "అక్కడ పదకొండు మందికి యజమాని కావాలి మాస్టారూ. నా మాట వినట్లేదు."

నేను వాచీ చూసుకోకుండా నిలబడ్డాను. కాసేపటికి ఆయన కర్ర తీసుకుని లేచారు.

పశువుల పాక దగ్గరికెళ్లి, "పలుపులు విప్పండి. అవి ఈదుతాయి, మీరు ఈదలేరు," అన్నారు. పదకొండు మందీ పలుపులు విప్పి పడవెక్కారు. మూడింటికి అయిదు నిమిషాల ముందు పడవ కదిలింది. సాయంత్రం మూడో హెచ్చరిక వచ్చింది.

పశువులు చాలావరకు మెరకకి చేరాయి. రెండు గేదెలు కొట్టుకుపోయాయి. వాటి యజమాని ఏడాదిపాటు మాస్టారితో మాట్లాడలేదు.

నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. అందులో రాయనిది, మాస్టారి దగ్గరికి పొద్దున్నే వెళ్లకపోవడం నా తప్పని. పిచ్చాయన కదా అని ఆఖరికి పెట్టుకున్నాను. ఆ తర్వాత ప్రతి వరద డ్యూటీలోనూ, జనం జాబితా తీయకముందే, ఈ ఊళ్లో ఎవరి మాట వింటారని అడిగేదాన్ని.