బోర్డు కాల్చింది సారు కాదు

సారు పోయిండని ఆయన భార్య ఫోన్‌ల వాయిస్ పెట్టింది. కాకినాడ ఆస్పత్రిల గుండె ఆగిందట. ఏడ్చుకుంటనే చివరికి ఒక మాట అడిగింది. "పెద్దమ్మా, ఆ బోర్డు ఆయనే కాల్చారా? పిల్లలు అడుగుతున్నారు. మీరక్కడే ఉన్నారు కదా."

ఉన్న. అందుకే చెప్తున్న. నాకు అక్షరం రాదు. మా గదిలుండే నర్సు బిడ్డ రాస్తున్నది. నన్ను మంచిదాన్ని చేసి రాయకు, నేనన్నది అన్నట్టే రాయమన్న.

సౌదీల, ధహ్రాన్‌ల అదొక చిన్న కంపెనీ. కార్లల్ల బ్యాటరీ కరెంటును పంచిపెట్టే చిప్పులుంటయి. వాటిని ఒక బోర్డు మీద పెట్టి పరీక్షకు తయారు చేసుడు సారు పని. ఊడ్చుడు, టీ పెట్టుడు నాది.

"నీ గుడ్డ నా బోర్డు మీదికొచ్చిందంటే పెద్దమ్మా, నీ పేరు జవాజాత్ ఆఫీసులో రాయిస్తాను" అని బెదిరిచ్చేటోడు. పరదేశులను ఉంచుడు, పంపుడు చూసే ఆఫీసు అది.

"రాయించు సారూ. నా పేరు రాస్తే ఎట్లుంటదో నేను గూడ చూస్త."

ఆయన పనికి ఒక వరుస ఉండేది. కరెంటిచ్చే డబ్బాకు ఒక బుడిపె ఉంటది, ఎంత కరెంటు పోవాల్నో దానితోనే కట్టడి. ముందుగాల దాన్ని బాగ తగ్గిస్తడు. నల్ల తీగ, ఎన్క ఎర్ర తీగ. అప్పుడు స్విచ్చి. వేలి వెనుకతోని చిప్పును తాకి చూస్తడు, పసిపిల్లకు జ్వరం చూసినట్టు. వేడి లేకుంటేనే బుడిపెను ఇంత తిప్పుడు. "కొత్త చిప్పుకి చుక్కచుక్కగా తాగించాలి పెద్దమ్మా, బిందె కుమ్మరించకూడదు" అనేటోడు.

సౌదీ వాళ్లకు ఇన్ని కొలువులియ్యాలని సర్కారుకు నితాకత్ అని ఒక లెక్క ఉంటది. ఆ ఏడు అండ్ల మా కంపెనీ ఎర్ర గుర్తులకు జారేటట్టున్నది. సౌదీ వాళ్లు తక్కువున్నరని, మాలాంటి పరదేశుల్ల కొందరినే ఉంచుతమన్నరు. వెంట ఉండే ఇంటిమనుషుల మీద సర్కారు ఫీజు పడ్డప్పుడే సారు భార్యాపిల్లలను పంపేసిండు. "బోర్డు కస్టమర్ల ముందు నడిస్తేనే నీ ఇఖామా రెన్యూ" అన్నడు మేనేజరు. ఇఖామా అంటే ఆ దేశంల ఉండనిచ్చే కార్డు.

కస్టమర్లు గేటు కాడికొచ్చిండ్రు. సారు వాళ్లను తీసుకొచ్చెటందుకు దిగుకుంట, "ఒక పిన్ను ఇంకా మార్చాలి, ఎవరూ ముట్టుకోవద్దు" అన్నడు. గదిల నేనొక్కదాన్నే ఉన్న, మేనేజరు వచ్చిండు. గడియారం చూసిండు. "ఇత్నీ దేర్?" ఇంత ఆలస్యమా అనుకుంట బుడిపెను చివరి దాకా తిప్పి స్విచ్చి నొక్కిండు.

టప్పుమన్నది. సన్నటి పొగ. ప్లాస్టిక్ కాలిన వాసన.

మెట్ల మీద బూట్ల చప్పుడు. మేనేజరు గబగబ బుడిపెను మళ్ల తగ్గించిండు. నా దిక్కు తిరిగిండు. "తుమ్నే కుఛ్ నహీఁ దేఖా." నేనేం చూడలేదట. నా ఇఖామా గూడ ఆయన బల్ల మీదనే ఉన్నదని గుర్తు చేసిండు.

సారు లోపలికొచ్చిండు. వచ్చినోళ్ల ముందటనే మేనేజరు అరుసుడు: తప్పు పెట్టి పోయినవు, కాలబెట్టినవు అని. సారు బోర్డును చూసిండు, బుడిపెను చూసిండు. నన్ను చూసిండు.

"పెద్దమ్మా, ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేను కప్పులు కడుగుతున్న సారూ."

మా ఊళ్లె సర్పంచును బజార్ల నిలబెట్టి అడిగినదాన్ని. ఆడ అబద్ధమే నోట్లకొచ్చింది. ఒక్కసారే అడిగిండు. మళ్ల అడగలే.

నాకు ఇఖామా అయింది. ఆయనకు దేశం విడిచి పొమ్మని ఎగ్జిట్ కొట్టిండ్రు. బోర్డు ఆయనే కాల్చిండని కాయితం మీద రాసిండ్రు. అది చూసి ఆ పని మళ్ల ఎవ్వరూ ఇయ్యలేదట.

అమ్మా, ఇది నీ పిల్లలను కూసోబెట్టి చదివి వినిపించు. కాల్చింది మీ నాయన కాదు. అబద్ధమాడింది నేను. ఎక్కడికి పిలిచినా వచ్చి, ఎవల ముందటనైనా ఇదే చెప్త.

ఊరికి పోయే రోజు గూడ, కాలినదాని బదులు రెండో బోర్డు ఆయనతోనే పెట్టిచ్చుకున్నరు. కాదనలే. ఒంట్ల కరెంటు చిప్పుకు తగలకుండ మణికట్టుకు పట్టీ చుట్టుకొని, దాని తీగ బల్లకు తగిలించుకొని, పొద్దంత వంగి చేసిండు. "ఇవాళ టీ బాగా కుదిరింది పెద్దమ్మా" అన్నడు. కింద వ్యాను హారన్ కొట్టింది. పట్టీ విప్పిండు.

"సారూ" అన్న. అప్పటికే మెట్లు దిగుతున్నడు. బల్ల అంచుకు తీగ వేలాడుతున్నది. దాని కొసకు ఆ పట్టీ, మణికట్టు ఇంకా లోపలున్నట్టే గుండ్రంగ, ఏసీ గాలికి మెల్లగ ఊగుతున్నది.