మైల పట్టిన ఏసీ

ఇప్పుడు ఏసీ పని నేర్చుకునేవాళ్ళకి ఎన్ని సదుపాయాలో. ఫోను తీస్తే చాలు, ఏ రంగు వైరు ఎక్కడికి పోవాలో బాణాలు గీసి మరీ చూపిస్తారు. అర్థం కాకపోతే వెనక్కి జరిపి మళ్ళీ చూసుకోవచ్చు. నేను నేర్చుకున్న రోజుల్లోనూ ఫోన్లు ఉండేవి, అబద్ధం చెప్పకూడదు. కాకపోతే నా ఫోను తెర పగిలిపోయి సగం బొమ్మే కనిపించేది. మిగతా సగం మా బావ చెప్పేవాడు. ఆయన ఏ పాఠమూ రెండోసారి చెప్పే రకం కాదు. తిట్లు మాత్రం ఎన్నిసార్లయినా ఓపిగ్గా చెప్పేవాడు.

బావంటే మా అప్ప మొగుడు, అక్కని మా వైపు అప్ప అంటాం. శ్రీకాకుళంలో ఏసీలు, ఫ్రిజ్జులు బాగుచేసే కొట్టు ఆయనది. మాది నౌపడ. మా నాన్న ఉప్పు మళ్ళు కౌలుకి చేసేవాడు. ఎండ ఎంత మండితే ఆయన ముఖం అంత వెలిగేది. లోకమంతా వాన కోసం దణ్ణాలు పెట్టుకుంటుంటే మా ఇంట్లో మాత్రం ఆకాశంలో మబ్బుతునక కనిపిస్తే అన్నం సయించేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టి నేను చల్లదనం మిషన్లు బిగిస్తానని బయల్దేరితే నాన్నకి ఎలా ఉంటుంది? "ఎండని నమ్ముకుని బతికినోల కడుపున సలవ మిషనోడు పుట్టేడు" అని ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. చివరికి అమ్మ మధ్యలో పడి రాజీ కుదిర్చింది. నాన్న పెట్టిన షరతు ఒక్కటే: "ఈ ఏసంగి ఎల్లేలోపు నీ అంతట నువ్వు ఒక మిషను నిలబెట్టు. నిలబెడితే నీ దారి నీది. నేదంటే నోరు మూసుకుని వచ్చి ఉప్పు లాగు." పాదాల పగుళ్ళలోకి ఉప్పునీళ్ళు దిగితే ఎలా ఉంటుందో తెలిసినవాణ్ణి కాబట్టి, కరెంటు షాకైనా నయమే అనుకుని రైలెక్కి, శ్రీకాకుళానికి దగ్గరి స్టేషనైన ఆమదాలవలసలో దిగాను.

నా చదువు ఒక చెక్క పలక మీద మొదలైంది. దాని మీద రెండు బల్బులు, ఒక స్విచ్చి, కాసిని వైరుముక్కలు. బావ మొదటి పాఠం ఇలా చెప్పాడు: "ఒరే బామ్మర్దీ, ఫేజు ఉన్నాది సూడు, అది మీ అప్ప. ముట్టుకున్నావా, కొడతాది. న్యూట్రలంటే నాను. ఎంత తిరిగినా ఆకరికి ఇంటికే రావాల. ఎర్తు మీ అమ్మ. ఎక్కడ తేడా వచ్చినా మొత్తం తనలోకి లాగేసుకుంటాది." (ఈ పాఠం జరుగుతున్నంతసేపూ అప్ప వంటింట్లోంచి వింటూనే ఉంది. ఆ పూట బావ కూరలో ఉప్పు లేదు. నౌపడ ఆడపడుచు కూరలో ఉప్పు వేయలేదంటే అది మతిమరుపు కాదని ఆయనకీ తెలుసు, కిక్కురుమనకుండా తినేశాడు.)

ఇక రెండు బల్బులూ వెలిగించమన్నాడు. నేను మొదటి బల్బులోంచి బయటికొచ్చిన వైరుని తిన్నగా తీసుకెళ్ళి రెండో బల్బుకి ఇచ్చాను. రెండూ వెలిగాయి, కానీ జ్వరం పడి లేచిన పిల్లల్లా నీరసంగా. బావ ఒక బల్బు ఊడదీశాడు. రెండోదీ ఆరిపోయింది. "ఒకడు పోతే రెండోవోడూ పోతన్నాడు. ఇదేటి, వైరింగా, సతీసహగమనమా? ఎవుడి దారి ఆడికి ఇడిగా ఇవ్వాల" అన్నాడు. అంటే ఫేజు నుంచి రెండింటికీ వేరువేరుగా వైర్లు వెళ్ళాలి, అప్పుడు ఒకటి తీసేసినా రెండోది వెలుగుతూనే ఉంటుంది. ఇంత చిన్న సంగతి నా బుర్రకెక్కడానికి అప్ప ఇంట్లో ఫ్యూజులు చాలానే పోయాయి.

పలక మీద చేయి తిరిగిందనుకున్నాక, ఎవరూ అడక్కుండానే అప్ప మిక్సీ స్విచ్చి మార్చాను. కొత్తది కొనడమెందుకని బావ పెట్టెలో దొరికిన స్విచ్చి బిగించాను. తీరా చూస్తే అది కాలింగ్ బెల్లుది. నొక్కి పట్టుకున్నంతసేపే మిక్సీ తిరిగేది, వేలు తీస్తే ఆగిపోయేది. స్విచ్చి ఒక గోడకి, మిక్సీ ఇంకో గోడ దగ్గర. అప్ప కొంతసేపు ఇటూ అటూ చేతులు చాపి చూసి, నన్ను పిలిచి గోడ దగ్గర నిలబెట్టింది. "నువ్వే బిగించేవు గదా, నువ్వే నొక్కు" అంది. బావ కొత్త స్విచ్చి తెచ్చేవరకూ ఆ ఇంట్లో పచ్చడి చేసినప్పుడల్లా నేను గోడకి వేలాడేవాణ్ణి.

ఇలాంటి నా చేతికి ఒక పెద్ద పని వచ్చింది. ఊళ్ళో పేరున్న బట్టల శావుకారు తన కొట్టు మేడ మీద, పట్టుచీరలు అమ్మే చోట, పెద్ద ఏసీ పెట్టించుకున్నాడు. గొట్టాలు, గ్యాసు, లావు వైర్లు అన్నీ బావే చూసుకున్నాడు. మిగిలింది కాంటాక్టర్‌కి చిన్న వైరు కలపడం. కాంటాక్టర్ అంటే ఒక రకం గట్టి స్విచ్చి. చిన్న కరెంటు వచ్చి దాన్ని లాగితే, పెద్ద కరెంటు బయటున్న కంప్రెసర్‌కి వెళ్ళి చల్లదనం మొదలవుతుంది. బావ దాన్ని కూడా తన పద్ధతిలోనే చెప్పాడు. "శావుకారు కనుసైగ సేస్తాడు, గుమస్తా మూటలెత్తుతాడు. ఈ సన్న వైరే కనుసైగ. ఇది నువ్వు కలుపు. మిషను నిలబడితే నీ పేరే సెప్తాను మావకి" అని, పలాసలో ఏదో అత్యవసరమైన పనుందని వెళ్ళిపోయాడు.

నాకు కావలసింది సన్న వైరుకి ఒక ఫేజు. మెయిన్ బోర్డు కింద అంతస్తులో ఉంది. అంత దూరం వైరు లాగడం దండగనిపించింది. మేడ మీదే గల్లాపెట్టె వెనక దేవుడి అలమర ఉంది, దాని పక్కన వైర్లు కలిసే డబ్బా ఉంది. మూత తీసి టెస్టరు పెడితే ఎర్రగా వెలిగింది. ఫేజు చేతిలో పడింది, ఇంకేం కావాలి? కలిపేసి, మూత బిగించి, స్విచ్చి వేశాను. కాంటాక్టర్ టక్కుమంది, బయట కంప్రెసర్ గుర్రుమంది, కాసేపటికి చీరల మీద చల్లగాలి పారింది. శావుకారు కళ్ళు మూసుకుని ఆ గాలికింద నిలబడిపోయాడు. శావుకారమ్మ ఏసీకి పసుపు రాసి బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి ఒక చెక్క నా చేతిలో పెడితే, పట్టాభిషేకం జరిగినట్టే అనిపించింది నాకు. వెంటనే నాన్నకి ఫోను చేశాను. "సూద్దాం" అన్నాడు. "మీ అత్త కూతురి పెళ్ళికి సీర కొనాల. ఆ కొట్టుకే వస్తాను. సీర కొన్నట్టూ ఉంటాది, నీ మిషను సూసినట్టూ ఉంటాది."

ఆయన వస్తానన్న రోజుకి ముందు రాత్రి, శావుకారుగారి జ్ఞాతి ఒకాయన పర్లాకిమిడిలో కాలం చేశారు. ఇంటిల్లిపాదికీ మైల. అయితే పెళ్ళిళ్ళ రోజులు కదా, కొట్టు మూస్తే ఊరుకునేదెవరు? గుమస్తాల చేత తెరిపించి, శావుకారు మాత్రం గల్లాపెట్టె ముట్టుకోకుండా మేడ మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కనుసైగలతో వ్యాపారం నడిపించాడు. నాన్న వచ్చే ఆ పొద్దున్నే నాకు కబురు: ఏసీలోంచి గాలి వస్తోంది గానీ చల్లదనం రావట్లేదు. బావ పలాసలోనే ఉన్నాడు. నాన్న రైలెక్కేశాడు.

పరుగున వెళ్ళాను. మేడ మీద ఒక పెళ్ళివారి గుంపు చీరల మధ్య కూర్చుని కుతకుత ఉడికిపోతోంది. పెళ్ళికూతురు ఒక చీర భుజాన వేసుకుని చూసుకునేలోపే చెమట అంటుకుంటుందని గుమస్తా లాగేసుకుంటున్నాడు. నేను నిచ్చెనెక్కి ఫిల్టరు దులిపాను, గ్యాసు చూశాను, చూసినదాన్నే మళ్ళీ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి, సన్న వైరులో మాత్రం కరెంటు లేదు. నేను కలిపిన వైరే, నా చేతులతో కలిపిన వైరే. నిచ్చెన కింద నుంచి గుమస్తా తేల్చేశాడు: "ఏసీకీ మైల పట్టిందండి బాబూ. ఆ కబురు వచ్చిన కాడ్నించే సల్లదనం మానేసింది." శావుకారుగారి తల్లి, అందరూ మామ్మగారనే పెద్దావిడ, తల పంకించింది. "పట్టదేటి మరి? కోడలు పసుపు రాసి బొట్టెట్టినాది. మన ఇంటి మడిసి అయిపోనాది. పెద్దకరమ అయ్యేవరకూ దాన్ని ఏటీ అనకండి" అంది. నా వైరింగు మీద ఇంత గౌరవం చూపించినవాళ్ళు ఆ తర్వాత మళ్ళీ ఎవరూ తారసపడలేదు.

సరిగ్గా అప్పుడే చంకలో సంచితో నాన్న మెట్లెక్కాడు. నిచ్చెన మీదున్న నన్ను, ఉడికిపోతున్న పెళ్ళివారిని చూసి, "ఇదేనా నీ సల్లదనం? మన ఉప్పు మడి నయం గదరా" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ ఉప్పు మళ్ళన్నీ నా కళ్ళముందు తెల్లగా మెరిశాయి. నాన్న సంచి దింపి, ఎక్కడికెళ్ళినా ముందు దేవుడికి దణ్ణం పెట్టుకునే అలవాటు కొద్దీ అలమర దగ్గరికెళ్ళాడు. లోపల చీకటి. "దేవుణ్ణి సీకట్లో ఎట్టేరేటి" అంటూ పక్కనున్న స్విచ్చి వేశాడు. దేవుడి బల్బు వెలిగింది. కాంటాక్టర్ టక్కుమంది. బయట కంప్రెసర్ గుర్రుమంది.

పెళ్ళివారు ఒక్కసారిగా హమ్మయ్య అన్నారు. మామ్మగారు గుండె మీద చేయి వేసుకుని, "మైల ఇంట్లో దేవుడికి ఎలుగెడతావేటి నాయినా, ఆర్పీ" అంది. నాన్న కంగారుగా ఆర్పేశాడు. ఏసీ ఆగిపోయింది. పెళ్ళికూతురి తల్లి, "బాబ్బాబు, ఎయ్యండి" అంది. వేశాడు. మామ్మగారు ఆర్పమంది. ఆర్పాడు. "ఏటిరా ఇది, నా సెయ్యి పడితే సల్లదనం వస్తన్నాది" అని నాన్న తన చేతిని తిప్పి చూసుకున్నాడు. పెళ్ళివారిలో ఒక ముసలాయన అప్పటికే నాన్నకి నమస్కారం పెట్టేశాడు.

నాకప్పుడు అర్థమైంది. కొట్టు తెరవగానే వేసిన దేవుడి లైటు మూసేదాకా వెలుగుతూనే ఉంటుంది. నేను టెస్టరు పెట్టిన రోజూ వెలుగుతోంది. ఆ స్విచ్చి దాటి బల్బుకి వెళ్ళే వైరుని పట్టుకుని నేను ఫేజనుకున్నాను. దేవుడి లైటు వెలిగినంతసేపూ ఏసీ, అది ఆరితే ఇదీ ఆగడం. మైల వల్ల దీపం పెట్టలేదు కాబట్టి కాంటాక్టర్‌కి కనుసైగ అందలేదు. ఆ మాట నిచ్చెన మీద నుంచే చెప్పేశాను. కొట్టంతా ఒక్కటే నవ్వు. మైలలో నవ్వకూడదని కాబోలు శావుకారు కండువా నోట్లో కుక్కుకున్నాడు.

"నవ్వు తరవాత. పెళ్ళోరు ఎల్లిపోతారు. మైల తప్పకుండా సల్లదనం వచ్చే దారి సెప్పు" అన్నాడాయన తేరుకుని. అప్ప ఇంటి చెక్క పలక గుర్తొచ్చింది. బల్బు దారి వేరు, ఏసీ దారి వేరు, స్విచ్చి ఒక్కటే. "బల్బు ఊడదీసేసి స్విచ్చి ఏస్తే సరిపోతాదండి" అన్నాను. "దేవుడి కాడ ఎలుగుండదు, ఏసీ మాత్రం ఆడతాది." మామ్మగారు అలమరలోకి తొంగి చూసింది. "బల్బే నేకపోతే దీపం ఎట్టినట్టు ఎలగవుతాది? కానీ" అంది. బల్బు తీసి జేబులో వేసుకుని స్విచ్చి వేశాను. ఏసీ ఆడింది. నిజం చెప్పాలంటే, అది ఆడేదాకా నాకూ నమ్మకం లేదు.

పెళ్ళివారు వెళ్ళాక కింద మెయిన్ బోర్డు నుంచి కొత్త వైరు లాగడానికి కూర్చున్నాను. గుమస్తాలు ఊరుకుంటారా? "ఏసీకి మైల ఇడిపిస్తన్నావా పంతులుగారూ, దచ్చిన ఎంత" అని ఒకడు, "గోత్రం అడిగేవా" అని ఇంకొకడు. ఫోనులో సంగతి విన్న బావ ఎంతసేపు నవ్వాడంటే, ఆ నవ్వు మధ్యలో తిట్టడం మరిచిపోయాడు. వాళ్ళతో పాటు నేనూ నవ్వుతూనే పని కానిచ్చాను. నాన్న చీర కొని, మూట పక్కన పెట్టుకుని, నన్నే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం ఆయన్ని ఆటో ఎక్కించడానికి వెళ్ళాను. షరతు ప్రకారం మిషను నిలబడ్డట్టా, పడ్డట్టా నాకే తెలియడం లేదు. ఆటో కదలబోతుంటే, "నాన్నా, మరి నన్నేటి సెయ్యమంటావు" అని అడిగాను.

"ఇక్కడే ఉండు" అన్నాడు. "మిషను నిలబెట్టేవని కాదురా. అంతమంది ఏలాకోలం ఆడతన్నా నువ్వు నవ్వుతా వైరు లాగేవు. నా ఉప్పు మడిలో నువ్వు ఏ రోజూ నవ్వనేదు."

ఆటో వెళ్ళిపోయాక కూడా నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఇప్పుడు నాకూ సొంత కొట్టుంది. నా వైరింగులో తప్పు దొరకదని చెప్పుకుంటారు, నిజమే కాబోలు. మొన్న ఒక మేడ మీద పనిలో ఉండగా కిటికీ అద్దంలో నా ముఖం కనిపించింది. పెదవులు బిగించి, కనుబొమలు ముడివేసి, అచ్చం మబ్బు పట్టినప్పటి మా నాన్నలా ఉన్నాను. ఎవరూ చూడటం లేదు కదా అని, నిచ్చెన మీదే కాస్త నవ్వి చూసుకున్నాను.