బెంజమిన్‌కు ఎండ

బందరు హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో బెంజమిన్‌ది పెళ్ళికి ముందు నుంచీ నైట్ డ్యూటీయే. పడవలు తెల్లారకముందే వేటకు బయల్దేరతాయి, అందుకని ఐసు పని రాత్రిపూటే ఉండేది. ఆ చలికి అతను కాల్చిన బీడీలకు లెక్కలేదు. పొద్దున్నే ఇంటికొచ్చి పడుకునే వేళకు భార్య ఎలీసబెతు బడికి బయల్దేరేది, అక్కడ ఆమె ఆయా. ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకునేది ఆదివారాలే.

గొంతు బొంగురుపోతే జలుబనుకున్నారు. మెతుకు దిగనప్పుడు విజయవాడ వెళ్తే క్యాన్సరని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇక మాట రాదని ముందే చెప్పారు గనుక దానికి ఇద్దరూ సిద్ధపడ్డారు. కానీ పాలు పోయడానికి ముక్కులో వేసిన గొట్టం తీసే ముందు గుక్కెడు నీళ్ళు తాగించి చూస్తే, ఆ నీళ్ళు మెడమీది కుట్ల మధ్య నుంచి కారాయి.

ఆపరేషన్ చేసిన డాక్టరు అపర్ణ రక్తపరీక్ష రిపోర్టు చూశారు. "డి విటమిన్ బాగా తక్కువుందమ్మా. ఈయన ఎండలో తిరగరా?"

"పగలంతా నిద్రేనండీ. వెలుతురు పడకుండా కిటికీకి దుప్పటి నేనే కట్టేదాన్ని." అంది ఎలీసబెతు. "అందుకేనా అండీ పుండు మానంది?"

"ఇలా తక్కువున్నవాళ్ళలో కొందరికి ఆలస్యంగా మానుతోంది. అదే కారణమని మాత్రం చెప్పలేను. బీడీలున్నాయి, తిండి లేక చిక్కిపోయారు. మందిస్తాను. మీ తప్పేం లేదు."

ఆ చివరి మాట ఆమె చెవికెక్కలేదు.

ఇంటికి తీసుకొచ్చాక సెలవు పెట్టి, మందుతోపాటు రోజూ అతన్ని వాకిట్లో ఎండలో కూర్చోబెట్టేది. గొట్టంలో పాలు పోసేది, మెడకు కట్టు మార్చేది. పట్టపగలు మొగుడి ముఖం చూస్తూ కూర్చోవడం ఆమెకు కొత్త. చెవి వెనక పుట్టుమచ్చ ఇన్నేళ్ళకు కనపడింది. ఆమె ఏవేవో చెప్పేది. అతను పెదవులు కదిపితే సగం అర్థమయ్యేది.

మిగిలిన జబ్బు పోవడానికి రేడియేషన్ కరెంటు పెట్టాలి, పుండు మానితేగాని అది కుదరదన్నారు. పుండు పూడేలోపే మెడకు రెండోపక్క గడ్డ లేచింది. మళ్ళీ విజయవాడ తీసుకెళ్తే అపర్ణ తడిమి చూసి, కాసేపు చెయ్యి తీయలేదు.

"ఇంటికి తీసుకెళ్ళండమ్మా. నొప్పికి మందు రాస్తాను."

అయినా ఎలీసబెతు వాకిట్లో కుర్చీ వేస్తూనే ఉంది. ఒకరోజు బెంజమిన్ ఆమె మణికట్టు పట్టుకుని, పెదవులతో ఒక్కో అక్షరమే విడదీశాడు: "చాలు. లోపలికి."

ఆమె అతన్ని లోపలికి నడిపించి, కుర్చీ తీసేసింది.

తొలకరి పడకముందే అతను పోయాడు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆమెకు ఏడుపు రాలేదు. బడి తెరిచిన రోజే పనిలోకి వెళ్ళిపోయింది. ఇంట్లో ఉండి చేసేదేమీ లేదు.