పాడేరులో ఆఖరి రౌండు

సాయిశంకర్ చదరంగం బాగా ఆడతాడని కన్నతల్లి కూడా అనదు. మొండిగా ఆడతాడని మాత్రం శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా పేరుంది. మంత్రి పోయినా లేవడు. ఏనుగులు రెండూ పోయినా లేవడు. ఒంటి రాజు మిగిలితే ఆ ఒక్కదాన్నీ బోర్డంతా తిప్పుకుంటూ కూర్చుంటాడు. ఎదురుగా కూర్చున్నది పెద్దవాళ్ళయితే ఆవలిస్తారు, చిన్నపిల్లలైతే పోటీ నడిపే ఆర్బిటర్ వంక చూసి ఏడుపుమొహం పెడతారు. "అంకుల్, అయిపోయింది కదా" అని ఏ పిల్లాడైనా అంటే, "అయిపోతే అవగొట్టు బాబూ, నాను కాదన్నానేటి" అంటాడు. ఆట మధ్యలో చెయ్యి చాచి ఓటమి ఒప్పుకోవడం అతని ఒంట్లోనే లేదు.

చేసే ఉద్యోగం కూడా అలాంటిదే. విశాఖ పోర్టు దగ్గర ఒక షిప్పింగు ఏజెంటు ఆఫీసులో గుమాస్తా. బెర్తు దొరక్క ఓడ సముద్రంలో లంగరేసుకుని ఉంటే, దాని కాగితాలు పట్టుకుని ఒడ్డున అంతే ఓపిగ్గా నిలబడే పని. ఇంతటి ఓపికమంతుణ్ణి కట్టుకున్నది హిమబిందు, అతని మేనమామ కూతురే. ద్వారకా నగర్‌లో కళ్ళజోళ్ళ షాపులో కౌంటరు చూసుకుంటుంది. కాపురం గోపాలపట్నంలో. రెండు గదులు, ఒక వంటిల్లు, అత్త కనకరత్నం. పెళ్ళయి పదేళ్ళు దాటింది, పిల్లల్లేరు.

పిల్లల్లేరన్న మాట రాయడానికి రెండు ముక్కలే. అనుభవించిన వాళ్ళకి అది ఇంజెక్షన్లు, స్కానింగులు, సెలవు చీటీలు, కొత్త డాక్టరెవరైనా "మేనరికమా?" అని కళ్ళజోడు మీదనుంచి చూడ్డాలు. ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె వెనకాల మందుల డబ్బా ఉండేది. సూది వెయ్యడం సాయిశంకరే నేర్చుకున్నాడు. వేసేముందు పొట్ట మీద ఐసుముక్క పెట్టి, "నొప్పా?" అని అడిగేవాడు. "నేదు బావా" అనేది హిమబిందు. నొప్పిగానే ఉండేది.

మొదటిసారి కడుపు నిలవకుండా పోయినప్పుడు డాక్టరమ్మ, "ఎక్కడికైనా వెళ్ళి రండి, మనసు తేలికపడుతుంది" అంది. ఆ వారమే పార్వతీపురంలో టోర్నమెంటు పడింది. స్వామికార్యం, స్వకార్యం రెండూ అవుతాయని సాయిశంకర్ మురిసిపోయాడు. అప్పట్నుంచి అదే ఆనవాయితీ అయింది. నర్సీపట్నం, బొబ్బిలి, అరకు, ఎక్కడ పోటీ పెడితే అక్కడికి విహారయాత్ర. అతను లోపల కూర్చుంటాడు, ఆమె బయట కూర్చుంటుంది. లోకంలో ఎవరైనా కొండలూ కోనలూ చూడ్డానికి వెళతారు; హిమబిందు చూసినవి ఊరూరి హైస్కూలు వరండాలు, లాడ్జిల్లో ప్లాస్టిక్ బకెట్లు. అయినా పల్లెత్తు మాట అనలేదు. ఇంట్లో కూర్చుంటే మాత్రం ఏం చూస్తుంది?

మూడోసారి కూడా పోయినప్పుడు ఆమె షాపులో ఉంది. ఫోన్లో నర్సు చెప్పిన మాట విని, సరేనండీ అని పెట్టేసి, ఎదురుగా ఉన్న పెద్దమనిషితో, "ఈ ఫ్రేము మీ మొహానికి బావుంటుంది సార్" అంది. ఆయన కొన్నాడు కూడా. ఆ రోజు నుంచి ఆమెకి ఏదీ తగలడం మానేసింది. కూరలో ఉప్పు ఎక్కువైతే అత్త చెప్పాలి. ఎదురింట్లో పెళ్ళి మేళం మోగితే మోగింది. తిమ్మిరెక్కిన కాలు మీద ఎవరో నడిచినట్టు, ఒత్తిడి తెలుస్తుంది తప్ప నొప్పి తెలియదు. అందరూ "ఎంత ధైర్యమో పిల్లకి" అన్నారు. దాన్ని ధైర్యం అనే వాళ్ళ నోట్లో మన్ను పడ!

మొన్న శుక్రవారం మళ్ళీ ఫోనొచ్చింది. "ఆఖరి పిండాలు రెండు మిగిలాయి మేడమ్, ఫ్రీజర్లో. సోమవారం చెప్పేస్తే ఈ నెలే పెట్టేద్దాం" అంది నర్సు. చెప్తానంది హిమబిందు. ఏం చెప్పాలో అప్పటికే తేల్చుకుని ఉంది. వద్దు. ఇంక చాలు. చెప్పాల్సింది నర్సుకి కాదు, బావకి. పోయినప్పుడల్లా ఆమె తల మీద చెయ్యి వేసి, "ఇంకొక్కసారి సూద్దాం బిందూ" అనే మనిషికి. ఒంటి రాజుతో గంటసేపు కూర్చునే మనిషికి "లే, అయిపోయింది" అని ఎలా చెప్పడం? ఇంట్లో చెబుదామంటే గోడకి చెవులుంటాయో లేదో గాని, అత్తకి మాత్రం ఉన్నాయి. సరే, శని ఆదివారాలు పాడేరులో పోటీ ఉంది కదా, అక్కడ చెప్పేద్దాం అనుకుంది.

శనివారం తెల్లవారి పాడేరు బస్సెక్కారు. మాడుగులలో బస్సాగినప్పుడు సాయిశంకర్ దిగి హల్వా పొట్లం తెచ్చాడు. నెయ్యి కారుతోంది. ఆమె తింది. తియ్యగా ఉందని జ్ఞాపకం చేసుకుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో అతను ఫోన్లో పావులు కదుపుకుంటూ, "సూడు, సూడు, లోయ సూడు" అని తల ఎత్తకుండానే చూపించాడు.

పోటీ ఒక స్కూల్లో. వరండాలో రసూల్ బీ అప్పటికే ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె భర్త జిలానీ బాషాకి పాతవూళ్ళో వాచీల రిపేరు కొట్టు. ఆయనా ఈ పిచ్చి ఉన్నవాడే, కాకపోతే గెలుస్తుంటాడు. ఏ ఊరి పోటీకెళ్ళినా ఈ ఇద్దరాడవాళ్ళూ వరండాలో కలుస్తారు.

"రా బేటీ, చాయ్ తాగు. నాలుగు ఊళ్ళు తిరిగితే నాలుగు చోట్లా నీ మొహమే కనిపిస్తంది నాకు. ఒక్కసారైనా లోపలున్నోళ్ళని బైట కూసోబెట్టి మనం తిరగాల."

హిమబిందు నవ్వింది. నవ్వడం రావడమే కాదు, సరైన చోట నవ్వడం కూడా వస్తోందామెకి.

ఆ రాత్రి లాడ్జిలో రెండు దుప్పట్లు కప్పుకుని పక్కపక్కన కూర్చున్నారు. చెప్పేద్దామని గొంతు సవరించుకుంది. "ఇదిగో, ఇక్కడ గుర్రాన్ని ఇటు ఆడుంటేనా, ఆడి పని అయిపోను" అని అతను ఫోను చూపించాడు. "ఊఁ" అంది. అంతే, ఆ రోజు అయిపోయింది.

ఆదివారం ఆఖరి రౌండులో సాయిశంకర్‌కి జిలానీ బాషాతోనే పడింది. హిమబిందు కిటికీ దగ్గర నిలబడి చూసింది. ఆట ఆమెకి పెద్దగా రాదు గాని, ఎవరి పావులు ఎక్కువున్నాయో తెలుస్తుంది. బావవి తక్కువున్నాయి. ఒక ఏనుగు, మూడు బంట్లు. ఇంకా చాలా ఉంది అనుకుంది. అతని లెక్క ప్రకారం అది నిండు సంసారం. మధ్యాహ్నం దాటుతుంది, సాయంత్రం బస్సుకి పరిగెత్తాలి, మాట మిగిలిపోతుంది. ఒకందుకు మంచిదేనేమో అని కూడా అనిపించింది.

సాయిశంకర్ తల ఎత్తి గోడ గడియారం చూశాడు. చెయ్యి చాచాడు.

జిలానీ బాషా ఆ చేతిని పట్టుకోవడానికి బదులు దాని వంకే చూస్తుండిపోయాడు. "ఏటయింది భాయ్? ఒంట్లో బాగానేదా?" అన్నాడు పైకే. పక్క బోర్డుల వాళ్ళు తిరిగి చూశారు. ఆర్బిటర్ కూడా దగ్గరికొచ్చాడు. కిటికీ బయట హిమబిందు చువ్వ పట్టుకుంది. ఆ చువ్వ చల్లగా ఉందని తెలిసింది. భయం వేసింది. భయమని గుర్తుపట్టడానికే కాస్త సమయం పట్టింది.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ అన్నాడు. "జీపు మాటాడీసాను. కొత్తపల్లి జలపాతం ఎల్దాం. సీకటి పడితే లోపలికి వొదల్రంట."

"మరి ఆట?"

"ఎన్నాళ్ళు కూసోబెడతాను నిన్ను అరుగుల మీద? పద."

జలపాతం దగ్గర జనం బాగానే ఉన్నారు. బొంగులో చికెన్ అమ్మేవాళ్ళ పొగ, సెల్ఫీలు, తడిబట్టలతో కేకలు. కాస్త పైకెక్కి ఒక బండ మీద కూర్చున్నారు. నీళ్ళ హోరు ఎంతుందంటే, మాట పక్కవాడికి తప్ప ఇంకెవరికీ వినపడదు. ఇంతకంటే మంచి చోటు దొరకదు. హిమబిందు అతని వైపు చూడకుండా చెప్పేసింది.

"బావా, ఆసుపత్రోళ్ళు ఫోన్ సేసారు. ఆఖరివి రెండున్నాయంట. నాను ఎల్లను. నావల్ల కాదు ఇంక."

అతను నీళ్ళనే చూస్తున్నాడు. "సరే" అన్నాడు.

ఇంకా ఏదో వస్తుందనుకుంది. రాలేదు.

"సరే అంటే?"

"వొద్దంటే వొద్దు బిందూ. నాను రెండోసారప్పుడే ఆపీద్దాం అనుకున్నాను."

"రెండోసారా?"

"నీ పొట్టంతా నల్లగా కమిలిపోయుండేది. సూది పట్టుకుంటే నాకు సేతులొణికేవి. కానీ నువ్వు ఒక్క మాటా అనకుండా ఏయించుకుంటన్నావు గదా. నీకు అంత ఆశుందనుకున్నాను. నాను వొద్దంటే ఏడుత్తావని భయమేసింది."

హిమబిందు అతని మొహంలోకి చూసింది. "నాను నీకోసం ఏయించుకున్నాను బావా. నువ్వు ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటన్నావని."

మూడోసారి వేసిన సూదులన్నీ, తెల్లారగట్ట ఆటోలో వెళ్ళిన దారులన్నీ, మంచం మీద కదలకుండా పడుకున్న పగళ్ళన్నీ ఎవరికి కావాలి? ఇద్దరిలో ఒక్కరికీ అక్కర్లేదు. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఎక్కువై ఒక మనిషి శరీరాన్ని హింసపెట్టారు. కోపం రావాలి. రావాలని ఆమెకి తెలుసు. రాలేదు.

వచ్చింది మాత్రం ఇంకోటి. మొన్నట్నుంచి ఈ మాట చెప్పడానికి భయపడుతున్నాననుకుంది గాని, లోలోపల ఆమె ఒకదాన్ని నమ్ముకుని ఉంది. తను వద్దంటుంది, బావ ఒప్పుకోడు. తను మొరాయిస్తుంది, అతను బతిమాలతాడు. ఎప్పటికో తను, సరే పద, అంటుంది. ఇది తను అనుకోను కూడా లేదు, అయినా ఉంది. అతని మొండితనం ఉంది కదా అన్న ధైర్యంతోనే వద్దనగలిగింది. ఇప్పుడు అతను ఒక్క ముక్కలో సరే అనేసరికి, ఫ్రీజర్లో ఉన్న ఆ రెండింటికీ ఈ లోకంలో ఇంకెవరూ లేకుండా పోయారు.

"ఇంకొక్కసారి అని నువ్వు అంటావనుకున్నాను" అంది.

సాయిశంకర్ ఆమె వైపు తిరిగాడు. మెల్లిగా, "అనమంటావా?" అన్నాడు.

ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. కింద ఎవరో పిల్లని భుజాల మీద ఎక్కించుకుని నీళ్ళలోకి దిగుతున్నారు, ఆ పిల్ల కెవ్వుమంటోంది.

"వొద్దు" అంది.

అప్పుడు ఏడ్చాడు సాయిశంకర్. మగాడు నలుగురిలో ఏడవకూడదన్న సిగ్గు కూడా లేకుండా, ముక్కు కారుతూ, భుజాలు ఎగిసెగిసి పడుతూ ఏడ్చాడు. హిమబిందు చున్నీ అంచుతో అతని మొహం తుడిచింది. మళ్ళీ తడిసింది, మళ్ళీ తుడిచింది. తనకీ వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

కిందనుంచి జీపువాడు హారన్ కొట్టాడు. అతన్ని చెయ్యి పట్టుకుని లేపింది.