పొయ్యిరాణి దాహం

బిస్కెట్ల కంపెనీలో పదకొండేళ్లు డబ్బాలకు మూతలు పెట్టిన మనిషి ఒకరోజు వెళ్లి ఓవెన్ దగ్గర నిలబడింది. ఆడవాళ్లు ప్యాకింగ్‌లోనే ముసలివాళ్లయిపోతున్నారని యాజమాన్యానికే తోచి, ఎవరూ అడక్కుండానే నోటీసు అంటించారు. ముగ్గురికి ఓవెన్ పని నేర్పుతారట. ముందు ఒకరు, ఆరు నెలలు ఆమె నెగ్గుకొస్తే మిగతా ఇద్దరు.

ఆ మొదటామెకు ప్యాకింగ్‌వాళ్లు పొయ్యిరాణి అని పేరు పెట్టేశారు.

"ఇంట్లో పొయ్యి చాల్లేదా?" అన్నాడు ఇంటాయన.

"ఇంటి పొయ్యి దగ్గర నన్ను మేస్త్రీ అని ఎవరంటారు?" అంది.

పని ఇట్టే పట్టుబడింది. బిస్కెట్ అంచు రంగు చూసి మంట సంగతి చెప్పేసేది. చిక్కల్లా ఒక్కటే. బెల్టు తిరిగినంతసేపూ ఓవెన్ వదలకూడదు. మగవాళ్లు వెనక తలుపులోంచి గోడ చాటుకు పోయి చిటికెలో వచ్చేస్తారు. ఆడవాళ్ల బాత్రూమ్ ప్యాకింగ్ షెడ్డుకు ఆవల; పోయి రావడానికి పావుగంట. అంతలో బెల్టెడు బిస్కెట్లు బొగ్గయిపోతాయి.

అందుకని ఆమె నీళ్లు మానేసింది. అంత సెగలో, పొద్దుట డ్యూటీ ఎక్కితే దిగేదాకా గుక్కెడు కూడా ముట్టేది కాదు. ఐదో నెలలో మూత్రంలో మంట, జ్వరం. "నీళ్లు తాగవా తల్లీ నువ్వు?" అని డాక్టరమ్మ కసిరింది.

ప్యాకింగ్‌లో ఆమె పక్కన కూర్చునే పిన్ని ఊరుకోలేదు. "సార్‌తో చెప్పెయ్యవే. నోట్లో నాలుక లేదా?"

"చెబితే, ఆడవాళ్లతో ఇదే గోలని అంతా మూసేస్తారు పిన్నీ. తర్వాతి వంతు నీ కూతురిదేగా."



ఆరో నెలాఖరున మేనేజరు పిన్ని కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఏమైనా ఇబ్బందా అమ్మా?"

ఎప్పటిలా ఏం లేదనబోయింది. ఎదురుగా ఆ పిల్ల. రేపట్నుంచి దీని గొంతూ ఎండాల్సిందేనా అనిపించి, చెప్పేసింది.

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అయ్యో, ముందే చెప్పొద్దూ! ఇటువైపు ఒకటి కట్టిద్దాం. అందాకా మీరు ప్యాకింగ్‌కి వెళ్లిపోండి. ఆ ఇద్దర్నీ ఆపుదాం. ఆరోగ్యం కంటే ఎక్కువా?"

పిన్ని కూతురు తల దించుకుంది.

"నేను కదల్ను సార్. ఈ అమ్మాయిని నాకు తోడివ్వండి. నేను వెళ్లొచ్చేదాకా తను చూస్తుంది, తను వెళ్తే నేను."

"ఒక్క ఓవెన్‌కి ఇద్దరా? పైవాళ్లనడగాలమ్మా. చూద్దాం," అని చేతిలోని హాజరు పుస్తకం మూసుకుని వెళ్లాడు.

బెల్టు మీద మరో వరస ఎర్రబడుతోంది. ఆమె మంట కొంచెం తగ్గించింది.

"తాగక్కా," అంటూ ఆ పిల్ల నీళ్ల సీసా చాపింది.

"ఆయన జవాబు రానీ," అంది, మూతైనా తియ్యకుండా సీసా పక్కన పెట్టి.