గురక ఆగిన చోట

కర్నూలులో హనుమేష్ నిద్రపోని అంగడి లేదు. అంగళ్లకు గుర్తులు, పొట్లాలకు లేబుళ్లు గీయడం అతని వృత్తి. గీత గీసే ముందు ఆ అంగట్లోనే ఒక కునుకు తీయడం అతని నియమం.

"అంగడి కలలో కనపడల్లప్పా. కనపడకుండా గీస్తే అది బొమ్మ గాదు, మరక" అనేవాడు.

నూనె అంగట్లో ఖాళీ డబ్బాల నడుమ, టైర్ల అంగట్లో టైరులోనే చుట్టుకొని పడుకున్నాడు. లేచి నూనె డబ్బా చుట్టూ ఒక ముగ్గు, టైరు పక్కన పంక్చర్లేసే చేతులు గీసి, కలలో అట్లే కనపడ్డాయన్నాడు. చర్చివారూ బజారు వర్తకులూ కలిసి ఒకే క్యాలెండరు వేయించుకున్న యేడు, చర్చిలో ప్రసంగం పొడుగునా గురక పెట్టాడు. తన వాక్యం అంతటి శాంతినిచ్చిందని పాస్టరుగారు పొంగిపోయారు.

అతని బొమ్మలన్నీ మహిమ అనే ఆమె నడిపే ప్రెస్సులోనే అచ్చయ్యేవి. కాగితం, రంగు ఆమెవి, గీత అతనిది, తిట్లు ఉమ్మడి. పొగడ్త విషయంలో మహిమ మహా పిసినారి. ఎంతటి పనికైనా "తప్పుల్లేవులే" అన్నదే ఆమె ఇచ్చే బిరుదు. ఇక అతని నిద్రను ఒట్టి సోమరితనమనే ఆమె తీర్మానించుకుంది.

ఒకనాడు అహోబిలం బస్సులు ఆగేచోట చెనిక్కాయల కారం, అంటే వేరుశనగ పొడి, అమ్మే దాసన్న, లేబుల్ కోసం ఇద్దరినీ ఇంటికి పిలిపించాడు.

"'దాసన్న అండ్ సన్స్' అని ఏయప్పా. నా ఫోటో పెద్దగా ఉండల్ల. మీసం తెగకూడదు."

"సన్స్ యాడుండారన్నా? నీకిద్దరూ ఆడపిల్లలే గదా!" అంది మహిమ.

"ఆ మాటుంటే అంగడికి బరువుంటాది తల్లీ."

పొయ్యి దగ్గర చెనిక్కాయ విత్తనాలు వేయిస్తున్న అతని భార్య విశ్వాసమ్మను హనుమేష్ అడిగాడు. "నువ్వేమంటావమ్మా?"

"ఆయప్ప ఎట్లంటే అట్ల."

హనుమేష్ ఆవులించి గోనెసంచుల మీద ఒరిగాడు. దాసన్న తన మీసం చరిత్ర చెబుతున్నంతసేపూ గురక నిలకడగా సాగింది. కాసేపటికి దాసన్న టీ తేవడానికి వెళ్లాడు. వేగిన విత్తనాల వాసన, మధ్యాహ్నపు మగత ఇంటినిండా పొగలా పరుచుకున్నాయి. విశ్వాసమ్మ పడుకున్న మనిషివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఈ కారం మా అమ్మది పాపా. దావన పోయేటోళ్లను పిల్చి, సంగటి మీద కారమేసి 'తినిపో నాయనా' అంటాండె. ఊరంతా ఎస్తేరమ్మ కారమనే అడుగుతాండ్రి. ఆ పేరుతో పోతే బాగుంటాదని నా ఆశ. అత్తపేరు బజార్లో మోయల్లనా అంటాడని ఈయప్పతో అననేలే."

మహిమ చెవికి ఏదో వెలితి తోచింది. గురక లేదు. గోనెసంచి అంచున హనుమేష్ కాలి బొటనవేలు మెల్లగా 'ఎ' దిద్దుతోంది. వాకిట్లో దాసన్న చెప్పుల చప్పుడు వినపడగానే గురక ఈలతో సహా లేచింది.

టీ వాసనకు హనుమేష్ కళ్లు తెరిచాడు.

"కలొచ్చిందన్నా. ఎవరో ముసలామె. సంగటిముద్ద మీద కారమేసి 'తినిపో నాయనా' అనె. పేరడిగితే ఎస్తేరమ్మ అనె."

దాసన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "మా అత్త! ఇంగేమనె?"

"దాసన్నకు చెప్పు అనె."

"బతికున్నప్పుడే ఆయమ్మకు ఎదురు చెప్పలేకపోతి, ఇప్పుడు యాడ చెప్తా? ఆ పేరే ఏసేయప్పా." మీసం నిమురుకుంటూ దీనంగా అడిగాడు. "మరి నా మీసం?"

"మీసం గురించి ఆయమ్మ ఏమీ అనలేదన్నా."

లేబుళ్లు వచ్చాయి: చాచిన చెయ్యి, అందులో సంగటిముద్ద, కింద ఎస్తేరమ్మ పేరు. దుమ్మేమీ లేకపోయినా విశ్వాసమ్మ మొదటి లేబుల్‌ను కొంగుతో తుడిచింది.

మేలుకొన్నవాని ముందు మనిషి చెల్లే మాట పలుకుతాడు. నిద్రపోయేవాని ముందు ఉన్న మాట పలుకుతాడు. నూనె అంగడి కలలోకి ఆ ఇంటి నోరులేని కోడలి ముగ్గు, టైర్ల కలలోకి పంక్చర్లేసే మనిషి ముచ్చట ఎట్లా దూరాయో మహిమకు అప్పుడు తెలిసింది. కలతో తగవు పెట్టుకునే యజమాని ఈ సీమలో ఇంకా పుట్టలేదు.

ఆ మధ్యాహ్నం ప్రెస్సులో కరెంటు పోయి మిషను ఆగింది. కాగితం కట్టల మీద హనుమేష్ గురక మాత్రం ఆగలేదు. మహిమ లేబుల్‌ను వెలుగుకు పట్టి చూసి, మిషనుతో చెబుతున్నట్టు మెల్లగా అంది.

"పని శానా బాగుండాది. మనిషీ మంచోడే."

గురక ఆగింది.

"అంటే... తప్పుల్లేవులే" అని మహిమ గబగబా సర్దుకుంది.

గురక మళ్లీ మొదలైంది, ఈలతో సహా.